రెండో చరణం మధ్యలో

మా చర్చిలో హార్మోనియం వాయిస్తూ పాట ఎత్తుకునే మేస్టారికి ఆ చుట్టుపక్కల పెద్ద పేరు. పలాస నుంచి కోటబొమ్మాళి దాకా ఎక్కడ ప్రార్థన కూటాలు పెట్టినా ఆయన పాట ఉండాల్సిందే. నలభై దాటాక ఆయనకో కొత్త అలవాటు వచ్చింది. తనకిష్టమైన పాటలో, రెండో చరణం మధ్యలో, ఠక్కున ఆగిపోయేవారు. వేలు హార్మోనియం మెట్టు మీదే ఉండేది, చూపు కిటికీ అవతలి జీడితోట మీద ఉండేది. ఆయన మళ్ళీ ఎత్తుకునేదాకా మేమంతా ఆగేవాళ్ళం. అదేదో గొప్ప పద్ధతి అనుకుని సంతబొమ్మాళి వాళ్ళూ, సుమ్మాదేవి వాళ్ళూ కూడా అక్కడే ఆగి పాడటం నేర్చుకున్నారు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఉండబట్టలేక అడిగాను.

“ఆ ఆగడం భలేగుంటాది మేస్టారూ. ఎవులు నేర్పేరు?”

ఆయన నవ్వారు. “నేర్పడానికేటుంది? ఊపిరందక ఆగుతన్నాను. ఎవులికీ సెప్పకు, పాట సెడిపోతాది.”

“ఇంట్లో అమ్మగారికి తెలుసా?”

“తెలీకేటి? నానాగితే అదీ ఊపిరి బిగబట్టీసి సూత్తాది.”

మరుసటి ఏడు వానల్లో ఆయన పోయారు. సమాధి దగ్గర అన్ని ఊళ్ళవాళ్ళం కలిసి ఆ పాటే పాడాం. రెండో చరణం మధ్యకి రాగానే, ఎవరూ చెప్పకుండానే అందరం ఆగాం. మళ్ళీ ఎత్తుకోవాల్సింది ఆయనే కదా అని అప్పుడు గుర్తొచ్చింది. జీడాకుల మీద చినుకులు పడుతున్నాయి.

చివరికి ఆడవాళ్ళ వరసలోంచి, బిగబట్టిన ఊపిరి వదిలి, అమ్మగారు ఎత్తుకున్నారు.