పూజ అరలో సంగమం నీళ్ళు

నాకు అనుమానం ఎక్కువ. పాలు కాచాక కూడా వాసన చూస్తాను. బస్సులో పక్కన కూర్చున్నావిడ నవ్విందంటే ఏదో అడగబోతోందనుకుంటాను. అనుమానం పెనుభూతం అంటూ మా ఆయన ఏడిపిస్తారు. పెనుభూతమే కావచ్చు, కానీ మా పాపకి అదే కాపలా కాసిందని నేనంటాను.

పాపకి పుట్టినప్పటి నుంచీ మింగడం సరిగ్గా రాదు. చెంచాడు జావ పోసినా సగం ఊపిరితిత్తుల్లోకి పోయేది. వెంటనే దగ్గు, జ్వరం, ఆసుపత్రి. మూడో ఏడు వచ్చేసరికి ఇక నోటితో కుదరదన్నారు. విజయవాడలో పొట్టకి చిన్న రంధ్రం చేసి నేరుగా కడుపులోకి ట్యూబు పెట్టారు. పెట్టబోయే ముందు నర్సు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ తెచ్చింది. జ్వరం లేని పిల్లకి ఇదెందుకని అడ్డం పడ్డాను. ట్యూబుని నోట్లోంచి దింపి పొట్టలోంచి బయటికి లాగుతామనీ, నోట్లో ఉండే క్రిములు దాంతోపాటు గాయంలోకి చేరితే చీము పడుతుందనీ, అందుకే మందు ముందుగా ఇస్తామనీ డాక్టరు ఓపిగ్గా చెప్పారు. మందు సీసా మీద గడువు చూశాకే ఒప్పుకున్నాను.

ఇంటికి పంపేటప్పుడు నర్సమ్మ మా అందర్నీ కూర్చోబెట్టింది. "చేతులు సబ్బుతో కడుక్కోకుండా ట్యూబు ముట్టుకోవద్దు. చుట్టూ పసుపూ పౌడరూ ఏమీ పెట్టొద్దు, పొడిగా ఉంచండి. ఎర్రబడితే వెంటనే చూపించండి."

పసుపు అన్నప్పుడు నేను మా అత్తగారి వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడలేదు.

అత్తగారిది అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. మేముండేది బందరులో. నేను గుడ్లవల్లేరు కాలేజీలో పని చేస్తాను, మా ఆయనకి గుడివాడలో ఉద్యోగం. నా సెలవు అయిపోవస్తుంటే పాపని చూసుకోవడానికి ఆవిడ సంచి సర్దుకుని వచ్చేశారు. సంచిలోంచి బట్టల కంటే ముందు ఓ ప్లాస్టిక్ సీసా తీసి పూజ అరలో పెట్టారు. మాఘ పౌర్ణమికి పాలకాయతిప్ప వెళ్ళి, కృష్ణ సముద్రంలో కలిసే చోట మునిగి తెచ్చుకున్న నీళ్ళు. పవిత్రమే, కాదనను. కానీ అడుగున ఇసుక కనిపిస్తోంది.

"పిచ్చితల్లి నోట్లో ఇంతవరకూ తీర్థం చుక్క పడలేదు కదమ్మా," అన్నారు ఆ సీసా వైపే చూస్తూ.

నోట్లో పడకపోతేనేం, ఇప్పుడు ట్యూబుందిగా అని ఆవిడ అనుకుంటున్నారని నాకు అనుమానం. "డాక్టరుగారు చెప్పినవి తప్ప ట్యూబులో ఇంకేమీ పొయ్యకూడదండీ అత్తయ్యా," అన్నాను. "నాకు తెలీదా?" అన్నారు. ఆ జవాబు నాకు నచ్చలేదు. ఆవిడ స్నానానికి వెళ్ళాక, సీసాలో నీళ్ళు ఎంతవరకూ ఉన్నాయో అక్కడ పెన్నుతో సన్నటి గీత గీశాను.

నేను ఉద్యోగానికి వెళ్ళడం మొదలుపెట్టిన కొన్నాళ్ళకే ట్యూబు చుట్టూ చర్మం ఎర్రబడింది. ముట్టుకుంటే వేడిగా ఉంది. బందరులోనే పిల్లల డాక్టరుకి చూపించాం. "తొందరగా తెచ్చారు, పైపైనే ఉంది," అంటూ మందు రాశారు. "లోపలికి పాకితే మాత్రం ట్యూబు తీసెయ్యాల్సి రావచ్చు. ఎవరెవరు ముట్టుకుంటున్నారు?"

తీసేస్తే మళ్ళీ ఆ చెంచా, ఆ దగ్గు. ఇంటికి రాగానే సీసా చూశాను. నీళ్ళు గీతకి బాగా కిందికి దిగాయి.

సీసా ఎవరు తీశారని మా ఆయన్ని అడిగితే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "నేను చేతులు కడుక్కునే పాపని ఎత్తుకున్నాను," అన్నారు. ఆయన్ని వదిలేశాను. వాళ్ళమ్మగారిని అడగలేదు. అడిగితే కాదంటారు, కళ్ళతో చూడాలి.

మర్నాడు కాలేజీకని బస్సెక్కి, దారిలోనే పెడనలో దిగి, వెనక్కి వచ్చేశాను. పెరటి దారిన వచ్చి కిటికీ పక్కన నిలబడ్డాను, సొంత ఇంట్లో దొంగలాగా. పాపకి పాలు పట్టే వేళ. అత్తగారు గాజులు పైకి తోసుకుని కుళాయి కింద సబ్బుతో చేతులు కడిగారు. వేళ్ళ సందులు కూడా వదల్లేదు. వంక పెట్టడానికేమీ దొరకలేదు. తర్వాత పూజ అర దగ్గరికెళ్ళి సీసా మూత తీశారు. అరచేతిలో కాసిని నీళ్ళు పోసుకుని, రెండు చేతులూ రుద్దుకుని, కళ్ళు మూసుకుని ఏదో అనుకున్నారు. ఆ తడి చేతులతోనే పాప గౌను ఎత్తి ట్యూబు పట్టుకోబోయారు.

"అత్తయ్యా, ఆగండి," అంటూ లోపలికి వెళ్ళాను. ఆవిడ ఉలిక్కిపడి చేతులు కొంగులో దాచుకున్నారు.

"ట్యూబులో పొయ్యలేదమ్మా. నువ్వు వద్దన్నావుగా," అన్నారు. "చేతులు శుభ్రంగా ఉండాలని నర్సమ్మ చెప్పింది కదా. సబ్బుతో మురికి పోతుంది. పిల్ల కడుపులోకి వెళ్ళేదాన్ని పట్టుకోవడానికి ఉత్త సబ్బు చాలుతుందా అని, ఆఖర్న ఇవి కూడా..."

కోపంతోనే వచ్చాను. కానీ తనకి తెలిసినవాటిల్లో అన్నిటికన్నా శుభ్రమైనదే ఆవిడ పాప కోసం వాడారు. కోపం ఎటు తిప్పాలో నాకు తెలీలేదు. సీసా వెలుగులో పెట్టి నీళ్ళలో తేలుతున్న నలకలు చూపించాను. "ఇందులో చేపలూ ఉన్నాయి, పడవలూ ఉన్నాయి, ఆ రోజు మునిగిన జనమంతా ఉన్నారు అత్తయ్యా."

ఆవిడ సీసా చేతిలోకి తీసుకున్నారు. "పారబొయ్యమంటావా?"

అడిగిన తీరుకి నాకు ఏడుపొచ్చింది. "వద్దండీ. ముందు సంగమం, తర్వాత సబ్బు. పొడి తువ్వాలుతో తుడుచుకున్నాకే పాప."

"దేవుడి నీళ్ళ మీద సబ్బా?" అని సీసాకి మూత బిగించి, "సర్లే, పిల్ల కోసం ఆయనే సర్దుకుంటాడు," అన్నారు.

మందు పనిచేసింది. ఎరుపు తగ్గింది, ట్యూబు నిలిచింది.

మొన్న ఆదివారం పాపని ఒళ్ళో పెట్టుకుని ఆవిడే పాలు పడుతున్నారు. మా ఇంట్లో పిల్లలందరికీ అన్నం కలిపి పెట్టిన చెయ్యి, ఈ ఒక్క పిల్లకే పెట్టలేకపోయింది. సిరంజిలో పాలు కొంచెం కొంచెం దిగుతుంటే, "ఇది తాత ముద్ద, ఇది నాన్న ముద్ద," అంటున్నారు. గౌను సర్దుదామని నేను దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ట్యూబుని పక్కకి జరిపారు.

"చేతులు?"

"కడుక్కున్నానండీ."

"ఏదీ, చూడనీ." నా చెయ్యి పట్టుకుని వాసన చూశారు. సబ్బు వాసన తగిలాకే వదిలి, సిరంజిలో ఇంకాసిని పాలు పోశారు.

"ఇది మీ అనుమానం అమ్మ ముద్ద," అన్నారు పాపతో.