ఖాకీ కొంగులో వెంకటగిరి చీర

బళ్ళో ఉన్నంతకాలం పంతులు నన్ను గాడిద అన్నాడు. అయిదో తరగతితో బడి మానేసి జట్కా తోలడం మొదలుపెట్టాక, ఊరు ఆ మాటను కొంచెం సవరించింది: బండికి కట్టింది గుర్రం, తోలేది గాడిద. గుర్రానిదీ అదే అభిప్రాయమని నా అనుమానం. నేను అదిలిస్తే కదిలేది కాదు, వెనక కూర్చున్నవాళ్ళు దగ్గితే కదిలేది.

అలాంటి బండిని పోలీసు పనికి పిలిచారంటే కారణం ఉంది. స్టేషన్లో ఎస్సైకి ఒక మోటారు సైకిలుండేది. దాని వెనక ఒక ఆడమనిషిని ఎక్కించుకుంటే ఆయన ఇంట్లో పొయ్యి వెలగదు.

ఆ ఆడమనిషి కానిస్టేబులు. రంగూన్ నుంచి మనవాళ్ళను ఓడలెక్కించి పంపేస్తున్న రోజులవి. ఆమె కూడా ఒక ట్రంకుపెట్టెతో మద్రాసు రేవులో దిగి, తాత పుట్టిన నేలను వెతుక్కుంటూ మా మైపాడు సముద్రం వైపుకు వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, పెళ్ళి కాలేదు. రంగూన్ రేవులో ఆడ ప్రయాణికులను సోదా చేసే పోలీసు ఉద్యోగం చేసిందట. మాకప్పుడు మద్యనిషేధం. సారా అంతా ఆడవాళ్ళ కోకల చాటున ప్రయాణం చేసేది, ఆ చాటు మగ పోలీసులు చూడలేరు. అందుకని ఆమెకు ఖాకీ చీర కట్టించి, కొన్నాళ్ళు చూద్దామని మా స్టేషన్లో వేశారు.

కొన్నాళ్ళు కూడా చూడాలని ఎస్సైకి లేదు. ఆమె ఎదురుగా ఉంటే కానిస్టేబుళ్ళు లుంగీలు విప్పి నిక్కర్లు తొడుక్కోవలసి వస్తోంది. బూతు మాట్లాడే వీల్లేక దొంగలతో ఏం మాట్లాడాలో ఆయనకు తోచడం లేదు.

అంతలో మా పక్క ఊళ్ళో మునసబు ఇంట దొంగతనం జరిగింది. దొడ్లో ఆరేసిన ఆయన భార్య చీర పోయింది. అది వెంకటగిరి చీర, జానెడు జరీ అంచు.

"ఏమ్మా, పోయింది ఆడవాళ్ళ చీర, నువ్వేమో ఆడ పోలీసువి," అన్నాడు ఎస్సై నా ముందే. "ఈ సాయంత్రానికి చీర తెస్తే ఉంటావు. లేకుంటే పెట్టె సర్దుకో, మళ్ళా కాందిశీకుల శిబిరానికి పంపించేస్తా."

ఆమె సెల్యూట్ కొట్టి బండెక్కింది. నేను ఊరుకోలేక, "శిబిరంలో తిండి వాళ్ళే పెడతారంట గదక్కా, హాయి గదా," అన్నాను.

"అక్కడ మనిషికి పేరుండదన్నా, డేరాకు నంబరుంటుంది. నేను మళ్ళీ అక్కడికి పోను," అంది. నా గుర్రం దగ్గు అవసరం లేకుండానే కదిలింది.

మునసబు ఇంటి అరుగు మీద ఆయన తల్లి చేటలో ఎండు రొయ్యలు ఏరుతోంది. ఖాకీ చీరను ఎగాదిగా చూసింది.

"యా ఊరుమే నీది?"

"రంగూన్, అవ్వా."

"అదొక ఊరా! ఇంటిపేరేంది?"

చెప్పింది. ముసలమ్మ చేట కింద పెట్టి తాత పేరడిగింది. అదీ చెప్పింది. అంతే, ముసలమ్మ లేచి నిలబడి వీధంతా వినబడేలా కేక పెట్టింది. అన్నతో పోట్లాడి రంగూన్ ఓడెక్కి మళ్ళీ కనబడని ఆమె మరిది ఉన్నాడే, అతని మనవరాలట ఈ పోలీసు.

"ఓరి నాయనో, మా ఇంటి ఆడపడుచుమే ఇది! కాళ్ళకు పసుపు తెండి!"

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ వీధి వీధంతా ఒకటే ఇంటిపేరు. ఒక ఇంటికి ఆడపడుచైతే అన్ని ఇళ్ళకూ ఆడపడుచే. పుట్టింటి గడప తొక్కిన ఆడపడుచును ఉత్త కొంగుతో పంపితే ఆ ఇంటికి అంతకన్నా నామోషీ లేదు.

"పెళ్ళి కాని పిల్లకు ఒడి నింపొచ్చునా అత్తా?" అని మునసబు భార్య సందేహపడింది.

"ఖాకీ కట్టినాక గవర్నమెంటే మొగుడు. పొయ్‌మే బియ్యం!"

చీర పోయిన ఇంట్లోనే మొదటి సారె పెట్టారు. మేము తక్కిన ఇళ్ళు సోదా చేయడానికి బయల్దేరేసరికి కబురు గుర్రం కంటే ముందు పోయింది. అదేమంత గొప్ప కాదనుకోండి. ప్రతి గడపలోనూ పీట వేసి ఉంది.

"సోదా చెయ్యాలమ్మా," అనేది ఆమె.

"చేద్దువులే తల్లీ, ముందు కూర్చో."

కాళ్ళకు పసుపు రాసేవాళ్ళు. ఆరేదాకా లేవకూడదు. కూర్చున్నచోటి నుంచే పోలీసు చూపు సారిద్దామంటే, పెట్టెలు వాళ్ళే మోసుకొచ్చి ముందు పెట్టి, మూతలు తీసి, అందులోంచి రవికగుడ్డ ఏరి ఒళ్ళో వేసేవాళ్ళు. లంచం తీసుకోనని ఆమె మొత్తుకునేది. సారె లంచమెట్టా అవుతుందని వాళ్ళు నొచ్చుకునేవాళ్ళు. బండిలో బియ్యం, బెల్లం, సొరకాయ, ఒక కోడిపెట్ట చేరాయి. కోడిపెట్ట నా గొంగడి మీద కూర్చుని నన్ను దిగమన్నట్టు చూసింది.

వీధి చివరి ఇల్లు మునసబుకు కొడుకు వరసైనవాడిది. చేను గట్టు తగాదాలో మునసబు తనకు అన్యాయం చేశాడని అతనికి కడుపుమంట. ఆ ఏడు పంట కూడా పోయింది. పీటైతే వేశారు, పసుపైతే రాశారు. తర్వాత అతని భార్య లోపలికి పోయింది. డబ్బా మూత తీసిన చప్పుడు, వేసిన చప్పుడు. ఇంకో డబ్బా. ఇంకోటి. చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

వచ్చింది. ఇత్తడి తట్టలో పసుపు, కుంకుమ, మడత పెట్టిన చీర. జానెడు జరీ అంచు.

గుమ్మం దగ్గర మొగుడు దగ్గాడు. బయట నా గుర్రం రెండడుగులు ముందుకేసింది. "ఏమ్మే... ఏమ్మే..." అన్నాడతను.

"నువ్వుండవయ్యా! అందరూ పెట్టినారు. మనింట్లోనుంచి ఉత్త కొంగుతో పోయిందని రేపు వీధంతా అనుకోదా?" అని ఆ ఇల్లాలు చీరను ఖాకీ కొంగులో పెట్టింది. పెట్టాక, ఎవరి కొంగులో ఏం పెట్టిందో అప్పుడు తెలిసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మొగుడు స్తంభాన్ని కౌగిలించుకున్నాడు.

ఆ చీర నాకూ తెలుసు. మునసబు భార్యతో పాటు అది పెళ్ళిళ్ళకు నా బండిలోనే పోయేది. మా కానిస్టేబులు చీరను చూసింది, ఆ ఇల్లాలిని చూసింది, మెల్లగా లేచింది.

"పొయ్యొస్తా వదినా," అంది.

బండెక్కి చీరను ఒళ్ళో పెట్టుకుంది. "ఇల్లు చెబితే వాళ్ళు జైలుకు. చెప్పకపోతే నేను శిబిరానికి," అంది.

"నా పేరు చెప్పెయ్ అక్కా, నాకు మూడు పూటలా కూడు దొరుకుతాది."

"నువ్వంటే ఎవరూ నమ్మరన్నా. పెళ్ళాం లేనివాడివి, తీసి ఎవరికిస్తావని అడుగుతారు."

మునసబు ఇంట్లో ఎస్సై కుర్చీ వేసుకుని ఉన్నాడు. ఆమె చీరను కొంగులో ఉంచుకునే సెల్యూట్ కొట్టింది.

"చీర దొరికింది సార్."

"యాడ?"

"నా ఒళ్ళో పెట్టినారు సార్, పుట్టింట్లో."

"ఏ ఇల్లు?"

"వీధంతా పుట్టిల్లే సార్."

ఎస్సై విసుక్కుని చీర లాక్కుని మునసబు భార్యకు అందించబోయాడు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. "అమ్మో! ఆడపడుచు ఒళ్ళో పడిన చీర వెనక్కి తీసుకుంటే మా ఇల్లు నిలుస్తుందా?"

"అది మీ చీరే గదమ్మా!"

"నిన్నటిదాకా."

మునసబు ఏదో అనబోయాడు. తల్లి అననివ్వలేదు. "నోరు ముయ్ అబ్బయా! మీ నాయన పోరు పడలేకనే గదా మా మరిది నీళ్ళు దాటి పోయింది. ఆయన మనవరాలు ఇన్నాళ్ళకు గడప తొక్కితే ఒక కోకకు ఏడుస్తావా?"

"మరి కేసు?" అన్నాడు ఎస్సై దీనంగా.

"గాలికి ఎగిరిపోయింది. రాసుకో."

"ఎగిరి యాడ పడిందని రాయాల?"

"దాని ఒళ్ళో! ఇంకో మాట, ఎస్సై నాయనా. మా ఆడపడుచును శిబిరానికి పంపేటట్టయితే ముందు మా వీధి వీధంతా నీ స్టేషన్లో కాపురం పెడతాం."

మునసబు తలూపాడు. తనెందుకు ఊపాడో తనకే తెలియనట్టు తర్వాత కాసేపు మెడ రుద్దుకున్నాడు. ఎస్సై చీరను జాగ్రత్తగా మడిచి ఆమె కొంగులో తనే పెట్టాడు. ఆమె మా స్టేషన్లోనే ఉండిపోయింది.

కొన్ని నెలల తర్వాత ఆమెను ఎక్కించుకుని మైపాడు రోడ్డున పోతూ, ఇన్నాళ్ళు నోట్లో నానుతున్న మాట అనేశాను. "అక్కా, రంగూన్ పోలీసువని పేరే గానీ, దొంగ చేతికి చిక్కినా వదిలేస్తివే!"

ఆమె అప్పటికి మా మాట బాగా పట్టేసింది.

"ఎవురు వదిలేసింది అన్నా? జైల్లో పెడితే కొన్నాళ్ళకు బయటికొచ్చేస్తాడు. నేను చెల్లెలి వరస. బతికినన్నాళ్ళూ ఏటా చీర పెట్టాల."