బాలింత పిల్లి

"అక్కా, పెద్దమ్మ పోయింది" అని పెద్దపల్లి నుంచి తమ్ముడు ఫోన్ చేసినప్పుడు, ఆదిలాబాద్‌లో నేనింకా పొయ్యి కూడా వెలిగించలేదు. ఏడుపు రాలేదు. ఆమెను ఆసుపత్రుల చుట్టూ తిప్పీ తిప్పీ అందరం అలిసిపోయి ఉన్నాం.

మా ఇంట్లో ఎవరికి కాన్పైనా బాలింత పథ్యం ఆమెదే. వేడి అన్నం, నెయ్యి, వెల్లుల్లి వేసి నూరిన ఎల్లిగడ్డ కారం. "తిను బిడ్డా, నడుము గట్టివడ్తది" అంటూ ఎదురుగా కూర్చునేది. పళ్లెం ఖాళీ అయ్యేదాకా లేవదు. ఒక్కోసారి విసుగొచ్చేది నాకు. మీ ఇళ్లలోనూ ఇలాంటి పెద్దమ్మ ఒకరు ఉండే ఉంటారు.

ఆ ప్రేమే ఒకసారి కొంప ముంచబోయింది. ఆమె పెంచుకున్న తెల్లపిల్లి పిల్లల్ని పెట్టింది. దానికీ పథ్యం మొదలుపెట్టింది మహాతల్లి! చేప ముక్కల అన్నంలో ఎల్లిగడ్డ నూరి కలిపేది. కొన్నాళ్లకు పిల్లి లేవలేకపోయింది, చిగుళ్లు పాలిపోయాయి. ఏం పెడుతోందో విని పశువుల డాక్టర్ తల పట్టుకున్నాడు.

"కొత్తిమీర, కరివేపాకు జర తగిలినా ఏం గాదు అవ్వా. పుదీన ఎక్కువైతే కక్కుతది. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ మాత్రం వద్దే వద్దు. ఉడకవెట్టినా సరే, దాని నెత్తురు ఖరాబైతది."

"బాలింత గద సారూ!" అన్నది పెద్దమ్మ, ఏడుపు గొంతుతో.

పిల్లి బతికింది. అప్పటి నుంచి తాలింపు వేయకముందే దాని ముద్ద తీసిపెట్టేది. "నాకు మంచిదైతే అందరికి మంచిదైతదా?" అనేది. మనుషుల సంగతి వచ్చినప్పుడూ అదే మాట.

దినాల నాడు ఆమెకు ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి డాబా మీద ఉంచాం. కాకి రాలేదు. ఎండలో నిలబడి కాళ్లు పీకుతున్నాయి. ఇంతలో పిల్లి వచ్చి, నెయ్యి వాసనకు నేరుగా ఎల్లిగడ్డ కారం ముద్ద దగ్గరికే పోయింది.

"ముట్టనియ్యి. ఆమె పాణమంత దాని మీదనే ఉండె, ఆమెనే వచ్చింది" అంటూ చిన్నమ్మ చేతులు జోడించింది. ఇక కిందికి పోవచ్చని అందరి ముఖాల్లో ఆశ.

నేను పిల్లిని ఎత్తుకున్నాను. అది నా మోచేయి గీరింది. వదల్లేదు.

"పెద్దమ్మ ఉంటే తిననిస్తుండెనా, చిన్నమ్మా?"

చిన్నమ్మ కొంగు నెత్తిన కప్పుకొని, కాలిపోతున్న పిట్టగోడకు ఆనుకొని కూర్చుంది. ఆమె వెనకే ఒక్కొక్కరూ కూర్చున్నారు, మళ్లీ కాకి కోసం.