చీకటి ఉన్న మెసేజు

నాగవేణిది పలమనేరు పక్క పల్లె. హోసూరులో ఫోన్ల విడిభాగాలు బిగించే కంపెనీలో పని. మా అమ్మాయి ఐశ్వర్య పోయిన తర్వాత చాన్నాళ్లు మేడమీది గదికి తాళం వేసే ఉంచాను. ఆ తాళం తీసి గది అద్దెకిచ్చింది ఈ పిల్లకే. వంట అంతంత మాత్రం, గొంతు మాత్రం వీధి చివరకు వినిపిస్తుంది. తమిళంలో కూరగాయలు బేరమాడుతుంది, కన్నడంలో ఆటోవాళ్లను తిడుతుంది. మాట తప్పుగా పలికితే తనే నవ్వేస్తుంది. ఇంగ్లీషు దగ్గరే జంకు.

కంపెనీ మొదటి షిఫ్టు బస్సు ఇదివరకు మా మలుపులో ఆగేది. తిప్పడానికి చోటు చాలడం లేదని హైవే వంతెన కింద ఆపడం మొదలుపెట్టారు. తెల్లవారకముందే ఆడపిల్లలు అంతదూరం నడవాలి. దారిలో దీపాలు లేవు. కుక్కలు వెంటపడేసరికి, నాగవేణితో కలిసి పోయే సుగంధి పనే మానేసింది. సంగతి తెలిసి నాగవేణి అన్న ఫోను చేశాడు.

"ఒక్కదానివి ఆ చీకట్లో పోవద్దు. బస్సు వీధికి రాకుంటే నేనే వచ్చి ఊరికి పిల్చుకొని పోతాను."

కంపెనీలో బస్సులు చూసే ఆఫీసరుకు ఇంగ్లీషులోనే మెసేజు పంపాలట. నాగవేణి తనకొచ్చిన మాటలు కూర్చి రాసింది. తప్పుంటే నవ్వుతారని, నన్ను వెంటబెట్టుకొని జెరాక్సు కొట్టు చంద్రశేఖర్ దగ్గరికి వెళ్లింది. మా వీధిలో అందరి ఇంగ్లీషూ దిద్దేది అతనే.

అతను ఫోను తీసుకొని చదివాడు. "ఇదేం ఇంగ్లీషమ్మా, గుంతల రోడ్డులో ఆటో పోయినట్టుండాది."

"గుంతలు పూడ్చన్నా. అందుకే కదా వచ్చినాను."

చాలాసేపు కొట్టి, చెరిపి, మళ్లీ కొట్టి ఇచ్చాడు. "ఇప్పుడు ఒక్క తప్పు లేదు. కలెక్టరుకైనా పంపొచ్చు."

నాగవేణి చదివి, మళ్లీ మొదటి నుంచి చదివింది. నాకు ఇంగ్లీషు రాదు, తెలుగులో చెప్పప్పా అన్నాను.

"వీలు చూసుకొని రవాణా వసతి విషయం పరిశీలించాలని సవినయంగా కోరుతున్నాము," అని చెప్పాడు.

"చీకటి యాడ పోయిందన్నా?" అంది నాగవేణి. "కుక్కలు యాడ పోయినాయి? సుగంధి మానేసిందని రాసినాను కదా, అదీ లేదే!"

"అవన్నీ రాస్తే మర్యాదగా ఉండదమ్మా. పెద్దోళ్లకి పంపేది."

"పెద్దోళ్లు ఎండెక్కినాక కారులో వస్తారు. చెప్పకుంటే వాళ్లకి చీకటి ఎట్లా తెలుస్తాది? తప్పులు దిద్దన్నా, నా మాటలు తీసేయొద్దు."

చంద్రశేఖర్ నా వైపు చూశాడు. ఆమెనే అడగమని నేను నాగవేణి వైపు చెయ్యి చూపాను.

"సరేలేమ్మా, నీ కుక్కల్ని కూడా బస్సెక్కిస్తాను," అని నవ్వి, ఆమె మొదట రాసిందే మళ్లీ తెరిచాడు. ఈసారి ప్రతి మాటా ఆమెను అడిగి దిద్దాడు.

మెసేజు పోయింది. కొన్నాళ్లు జవాబు లేదు. అన్న రోజూ ఫోను చేసేవాడు. నాగవేణి బట్టలు సగం సర్దుకుంది కూడా. అప్పుడు ఆఫీసరు ఆమెను పిలిపించి, ఈ సుగంధి ఎవరని అడిగాడట. దారి చూసి రమ్మని ఒక మనిషిని పంపాడట. సోమవారం నుంచి చిన్న బస్సు మలుపులోకే వస్తుందని కంపెనీ గేటు దగ్గర నోటీసు అంటించారు.

ఆ సాయంత్రం నాగవేణి మేడ మెట్ల మీద కూర్చొని ముందు అన్నకు, తర్వాత సుగంధికి ఫోను చేసింది.

"ఏమే, సోమవారం నుంచి బస్సు ఈడికే వస్తాది. వచ్చేయ్. నీ పేరు ఆఫీసరుకి కూడా తెలిసిపోయింది, ఇంక రాకుంటే బాగుండదు."