బతికున్న బిడ్డకు పెట్టిన శోకం

మొన్న నా బిడ్డ యూనివర్సిటీ నుంచి ఒక పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నల్ల అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు. కవిత్వం కాలాన్ని బట్టి ఎట్లా రూపం మార్చుకుంటూ వచ్చిందో రెండేళ్లు చదివి, చదివిందంతా అందులో రాసిందట. నూరు పేజీలు దాటాక ఒక చోట విప్పి, "ఇది నువ్వే అమ్మా, సదువు" అంది. నాకు వచ్చిన చదువు మహిళా సంఘం కాగితం మీద సంతకం పెట్టేంత. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పోయాను. 'ఆకుపచ్చ సంచి' అన్న చోట వేలు ఆగిపోయింది. పుస్తకం మూసి బయట అరుగు మీద పెట్టాను. దాన్ని ఇంట్లోకి తేవడానికి నాకు మనసు ఒప్పలేదు.

మాది పరకాల పక్కన ఊరు. ఊళ్లో ఎవరు పోయినా ముందు డప్పుకు కబురు పోతుంది, తర్వాత నాకు. నాది పెళ్లిపాటలకు పనికొచ్చే గొంతు కాదు, రంపంతో మొద్దు కోసినట్టు ఉంటుంది. పీనుగ దగ్గర మాత్రం ఆ గొంతే కావాలి. శోకం పెట్టడానికి ముందే కట్టుకున్న మాటలంటూ ఉండవు. పోయిన మనిషి వస్తువులను కళ్లతో వెతుక్కోవాలి. గడప దగ్గర చెప్పులు, దండెం మీద తువ్వాల, సగం తాగి ఆర్పిన చుట్ట. ఒక్కోదాన్ని పట్టుకుని, ఇది ఎవరికి ఇచ్చి పోతున్నావని అడుగుతూ పోవాలి. వస్తువు కనబడకపోతే నోరు పెగలదు. మొగుడికి ఒక రాగం, తల్లికి ఒకటి, కడుపున పుట్టినవాళ్లకు ఇంకొకటి. శోకం విన్నవాళ్లు తలస్నానం చేసి, దీపం చూసి, ఆ తర్వాతే వేరే పనికి పోవాలి. తడవని తలతో పోతే శోకం వెంట వస్తుందని మా అత్త చెప్పేది. నా భర్త పోయినప్పుడు ఆయన సైకిలు పట్టుకుని శోకం నేనే పెట్టాను. ఆ శోకానికి మా వాడలో కోడి కూడా కూయడం మానేసిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కోడిని మూడో రోజు పిట్టకు, అంటే కాకికి, ముద్ద పెట్టడానికి కోశారని నాకు తెలుసు, కానీ ఎవరితోనూ అనలేదు.

నాకు ఒక్కతే బిడ్డ. హనుమకొండలో హాస్టల్లో ఉండి తెలుగు ఎం.ఏ. చదివింది. సెలవులకు వచ్చి, పద్యం చదువుతూ వేళ్లు ముడుస్తుంటే మైల రోజులు లెక్కపెడుతోందేమో అనుకున్నాను. కాదట, గురువులూ లఘువులూ అట. వెనకట కవిత్వం కొలత ప్రకారం నడిచిందట, తర్వాత పాటలోకి దిగిందట, ఆ తర్వాత కొలతే వదిలేసి మామూలు మాటల్లోకి వచ్చిందట.

"కొలత లేకుంటె అది కవిత్వమని ఎట్ల తెలుస్తదే?" అని అడిగాను.

"నీ శోకానికి కొలత ఉన్నదా మరి?"

"ఎందుకు లేదు? ఊపిరి ఎంతుంటె అంత."

ఆ మాట వినగానే నోట్‌బుక్కు తీసింది. నా నోరే నన్ను ముంచింది. పోయి వాళ్ల సారుకు చెప్పింది, సారు దాని మీదే రాయమన్నాడు. మొగుడి రాగం పాడాను, తల్లి రాగం పాడాను. పోయినవాళ్లు ఎట్లాగూ పోయారు, భయమేముంది? ఫోన్లో ఎక్కించుకుంది. మూడోది, కడుపున పుట్టినవాళ్ల రాగం అడిగినప్పుడు మాత్రం చేతిలోని చాట పక్కన పెట్టాను.

"మూడు రాగాలు పక్కపక్కన పెట్టి చూపియ్యాలె అమ్మా. అది లేకుంటె సారు సంతకం పెట్టడు. రెండేండ్ల సదువు పోతది."

"అది అడగకు బిడ్డా."

"జర సమజ్ చేసుకో. నేను రాసేది రాగం గురించి, సావు గురించి కాదు."

"రాగం యాడికెళ్లి వచ్చిందనుకున్నవ్?"

"ఉత్తగ పాడు. ఎవల పేరూ పెట్టకు."

ఉత్తగా పాడదామనే ఆ మధ్యాహ్నం వాకిట్లో కూర్చున్నాను. రాగం వచ్చింది, మాట రాలేదు. లేని పిల్లకు చెప్పులెక్కడివి, తువ్వాలెక్కడిది? కళ్లు అలవాటు కొద్దీ వాటంతట అవే వెతకడం మొదలుపెట్టాయి. దండెం మీద దాని చున్నీ ఆరుతోంది. సగం తాగిన చాయ గ్లాసు మీద ఈగ వాలింది. గడప దగ్గర, బస్సుకు సర్ది పెట్టుకున్న ఆకుపచ్చ సంచి. అంతే, గొంతు తెరుచుకుంది. 'సగం చాయ ఎవలు తాగుతరు బిడ్డా, ఆకుపచ్చ సంచి ఎవలు మోస్తరు బిడ్డా' అని, ఎదురుగా కూర్చున్న బిడ్డను చూస్తూ బిడ్డకే శోకం పెట్టాను. పక్కింటి ముసలమ్మ ఉరికి వచ్చి, "ఎవలు పోయిండ్లే?" అని అడిగింది. చప్పుడు చేయొద్దని నా బిడ్డే వేలు చూపించింది.

అయిపోగానే "సూపర్ అమ్మా!" అని నన్ను కావలించుకుంది. నేను నీళ్లు కాగబెట్టడానికి లేచాను. ఇంతలో మూల మలుపు దగ్గర బస్సు హారన్ వినబడింది.

"తల మీద రెండు చెంబులన్న పోసుకొని పోవే!"

"హాస్టల్ల పోసుకుంట!" అంది. గ్లాసులో మిగిలిన ఆ సగం చాయ తాగేసి, సంచి భుజానికి వేసుకుని ఉరికింది.

నెల తిరగకముందే యూనివర్సిటీలో మీటింగు పెట్టి నన్నూ పిలిచారు. పెద్ద హాలు, నిండా పిల్లలు. స్పీకర్లో నా గొంతు వినిపించారు. అది నా గొంతులా లేదు, గోడలు ఏడుస్తున్నట్టు ఉంది. అయిపోయాక అందరూ చప్పట్లు కొట్టారు. శోకానికి చప్పట్లు కొట్టడం నేను అప్పుడే చూశాను. సారు వచ్చి చేతులు జోడించి, "మీ గొంతులో ఛందస్సు కంటే ముందటి కవిత్వం ఉందమ్మా" అన్నాడు.

"మంచిగనే ఉన్నది గని సారూ, ఇంతమందికి స్నానాలు యాడ?" అని అడిగాను.

నాకు బాత్‌రూమ్ కావాలేమో అనుకుని పాపం ఒక పిల్లను తోడిచ్చి పంపాడు. నల్లా కింద నా తల తడుపుకుని, తడి కొంగు తెచ్చి అందరి ముందూ బిడ్డ తల మీద పిండబోయాను. "ఇజ్జత్ తీయకు అమ్మా" అని పక్కకు జరిగింది. చున్నీ తడిసింది, తల తడవలేదు.

రెండు వారాలకు జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. దవాఖానలో మంచం మీద నా బిడ్డ ఎండిన ఆకులా పడి ఉంది. రక్తంలో కణాలు పడిపోతున్నాయని డాక్టరమ్మ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెప్పి పోయేది. మంచం కింద దాని చెప్పులు, కిటికీలో దువ్వెన, దువ్వెనకు చుట్టుకున్న రెండు వెంట్రుకలు. నా కళ్లు ఏం వెతుకుతున్నాయో నాకు అర్థమై గట్టిగా మూసుకున్నాను. నా ఆడబిడ్డ పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"ఏడువు వదినె, జర గుండె తేలికైతది."

"నేనేడిస్తె అది శోకమైతది. నన్ను కదిలియ్యకు" అన్నాను. నాలుగు రోజులు కొంగు నోట్లో కుక్కుకుని ఉన్నాను. కన్నబిడ్డ చావుబతుకుల మధ్య ఉంటే కంట తడి లేదని పక్క మంచాలవాళ్లు గుసగుసలాడారు. అనుకోనిచ్చాను.

అయిదో రోజు జ్వరం దిగింది. ఇడ్లీ కావాలంది. తింటూ తింటూ నన్ను చూసి నవ్వింది.

"సూసినవా అమ్మా, నీ పాట ఉత్తదే!"

నేనూ నవ్వాను. దాన్ని ఇప్పుడు భయపెట్టి ఏం లాభం? కానీ ఆ పాట ఉత్తది కాదని పాడిన నాకు తెలుసు. పుట్టిన ఎవరికైనా అది ఏదో ఒక రోజు సరిపోతుంది, నేను కాస్త ముందుగా పాడాను, అంతే. కాలానికి ఏ తొందరా లేదు, మెల్లగా నడుచుకుంటూ ఆ పాట దగ్గరికే వస్తుంది. అది వచ్చే దారిలో ముందు నా గడప తగలాలి, ఆ తర్వాత చాలా ఏళ్లు నడిస్తే గానీ నా బిడ్డ గడప కనబడకూడదు.