అత్తకు నేను వేసిన మొదటి సూది

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు నేను పులివెందుల నుంచి ప్రొద్దుటూరుకు కోడలిగా వచ్చాను. కొన్ని నెలలకే ఊళ్లోకి ఫ్లూ జ్వరం దిగింది. మా ఇంట్లో మామ, నా భర్త ఇద్దరూ మంచం పట్టారు. వారం తిరిగేసరికి వీధిలో చాలామంది లేచి తిరిగారు. లేవకుండా పోయినవాళ్లలో ఎక్కువమంది ముందునుంచే గుండె జబ్బో, చక్కెర జబ్బో ఉన్నవాళ్లు. అందరూ మాత్రం "జ్వరంతో పోయినారు" అనేవాళ్లు.

మా అత్తకు చక్కెర జబ్బు. జమ్మలమడుగులో ఉన్న ఆమె తమ్ముడికీ అదే. ఆయనకు జ్వరమే రాలేదు. రోజూ ఆయనకు ఇన్సులిన్ సూది వేసే కాంపౌండరుకు వచ్చింది. సూది ఆగిపోయింది, మనిషి పోయాడు. కబురు విని అత్త ఆ పూటంతా ఏడ్చింది. మర్నాడు మా అత్తకు సూది వేసే కాంపౌండరూ జ్వరంతో రాలేదు. అత్త కళ్లు తుడుచుకుని నన్ను పిలిచింది.

"వానింటికి పొయ్యి, సూది ఎట్ల ఎయ్యాల్నో అడుగు మే. నువ్వే ఎయ్యి."

"నేనా? నాకు చేతులు వణుకుతాయి అత్తా."

"వణికితే వణకనీ. నా తమ్ముని మాదిరి నేనూ పోవల్లనా?"

కాంపౌండరు నన్ను గడప దాటనివ్వలేదు. దుప్పటి కప్పుకుని లోపలినుంచే అరిచి చెప్పాడు: గాజు సిరంజి ఎలా మరిగించాలో, మందు ఏ గీత దాకా తీయాలో, తొడ మీద ఎక్కడ గుచ్చాలో. ముందు వంకాయ మీద నేర్చుకోమన్నాడు.

ఇంటికొచ్చి, ఇంట్లో ఉన్న సిరంజితో వంకాయలకు మంచినీళ్లు ఎక్కించడం మొదలుపెట్టాను. అత్త పక్కనే కూర్చుంది.

"అంత గట్టిగా పొడవాకు మే. అది వంకాయ, నీ మొగుడు కాదు."

"నేనేం చేసినా?" అని దుప్పటిలోంచి మూలిగాడు నా భర్త.

అత్త వంతు వచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను.

"యాడ చూస్తాండావు? కండ్లు తెరిచి పొడువు!"

పొడిచాను. ఆమె కిక్కురుమనలేదు. నేనే "అమ్మా!" అని అరిచాను.

"నొప్పి నాకా, నీకా?" అని అత్త పగలబడి నవ్వింది. తమ్ముడు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. పొడిచిన వంకాయలన్నీ ఆ మధ్యాహ్నం కూర వండింది.

మూడో ఇంట్లో ఒక సాయిబుల పెద్దమ్మకూ అదే జబ్బు. అత్తే పోయి ఆమెను చెయ్యిపట్టుకుని తీసుకొచ్చింది. "నా తమ్మునికి ఎయ్యనీక ఎవురూ లేకపాయె. ఈమెకూ ఎయ్యి మే" అంది. వేశాను.

జ్వరం తగ్గి కాంపౌండరు వచ్చేసరికి మా పంచలో ఇద్దరు ముసలమ్మలూ కబుర్లు చెప్పుకుంటున్నారు.

"నువ్వు పో నాయనా, ఇంకా నీరసంగుండావు" అంది అత్త. "మా కోడలి చెయ్యి శానా తేలిక."

ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను ఆయనకు మజ్జిగ ఇచ్చి, సిరంజి పొయ్యి మీద పెట్టాను.