ఆ మాట అడిగినందుకు

కరోనా తగ్గిన మరుసటి ఏడు, మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్న ఫిబ్రవరిలో, పర్చూరు వైపున్న ఒక ఆసుపత్రిలో సైకోథెరపిస్టుగా చేరాను. అంటే బిళ్ళలతో కాకుండా మాటలతో, ఒక పద్ధతి ప్రకారం మనసుకు వైద్యం చేసే ఉద్యోగం. రిటైరయ్యే వయసులో కొత్త ఉద్యోగమేమిటని మావాళ్ళంతా నవ్వారు. నవ్వనీ అనుకున్నాను.

అంతకుముందు చాలా ఏళ్ళు ఒక స్వచ్ఛంద సంస్థలో సోషల్ వర్కర్ని. పత్తి పోయి, మిరప పోయి, రైతు పురుగుల మందు తాగిన ఇంటికి వెళ్ళడం నా పని. భార్యకు పింఛను, పిల్లలకు హాస్టల్లో సీటు, ఆఫీసుల చుట్టూ తిరిగి ఇప్పించేదాన్ని. మంచి పనే, కాదనను. కానీ నేను గడప తొక్కేది ఎప్పుడూ మనిషి పోయాకే. అదే నా ఒళ్ళు మండించింది. ఇక మనిషి పోకముందే వెళ్ళాలనుకుని, నా కొడుకు వయసు పిల్లల పక్కన కూర్చుని సైకియాట్రిక్ సోషల్ వర్కులో ఎంఫిల్ చేశాను. సీనియర్ల పర్యవేక్షణలో రోగులతో పనిచేస్తే తప్ప ఆ పట్టా చేతికి రాదు.

ఇంత చేసి వస్తే, మా విభాగం పెద్ద డాక్టరు గారు మొదటి రోజే తేల్చేశారు. కేసు హిస్టరీ రాసి తన గదికి పంపడం వరకే నా పనట. నన్ను తీసుకున్నది థెరపీకి కదండీ అన్నాను. సోషల్ వర్కర్లకు థెరపీ ఎందుకమ్మా అన్నారు. పేచీ పెట్టుకోలేదు, ఒప్పుకోనూ లేదు.

కొద్దిరోజులకే కోటేశ్వరమ్మ వచ్చింది. పేరు మార్చాను. ముప్ఫై నిండని మనిషి. అంతకుముందు ఏటి పంటప్పుడే భర్త పురుగుల మందు తాగి పోయాడు. ఈమె తిండి మానేసింది, మాట మానేసింది. బావగారు సుబ్బారావు వెంటబెట్టుకొచ్చాడు. నేను ఆమెను ఏమడిగినా ఆయనే జవాబు.

"నువ్వు చెప్పమ్మా" అంటే, "ఆ పిల్లకేం తెలుసు మేడం, నేను చెప్తున్నాగా!" అన్నాడు.

మా వైపు ఇది దురుసుతనం కాదు, బాధ్యత. ఇంటి ఆడమనిషి తరఫున పెద్దవాళ్ళే మాట్లాడతారు. అయినా సరే, ఆయన్ను లేపి గుమ్మం దాకా నడిపించి తలుపేశాను.

"కోటేశ్వరమ్మా, చచ్చిపోవాలనిపిస్తోందా?"

ఈ ప్రశ్నను చుట్టూ తిప్పి అడగకూడదని మా చదువులో మొదటే నేర్పుతారు. అవునన్నట్టు తలూపింది. ఎలా అనుకున్నావమ్మా అన్నాను. "వసారాలో ఉందిగా" అంది. అక్కడేముందో నాకు వేరే చెప్పక్కర్లేదు.

బయట విన్న సుబ్బారావు తలుపు తోసుకొచ్చాడు. "ఏం మాటలండీ ఇవి? మర్చిపోతున్న మనిషికి గుర్తు చేస్తారా?" అని కేకలు. డాక్టరు గారు వచ్చారు. అది తానడగాల్సిన ప్రశ్న, నేనడగాల్సింది కాదు అన్నారు, అందరి ముందూ. ఎవరడిగినా జవాబు వచ్చేసిందండీ అన్నాను. ఆమెను వార్డులో చేర్పించి, నర్సమ్మను పక్కనే ఉండమని చెప్పి, సుబ్బారావుతో వాళ్ళ ఊరు బయల్దేరాను. వెళ్తే ఉద్యోగం సంగతి ఆలోచించుకోమన్నారు డాక్టరు గారు. ఆలోచించే వెళ్తున్నానన్నాను.

ఆ ఇంట్లో జాగ్రత్తకేం లోటు లేదు. కత్తిపీట పక్కింట్లో దాచారు. బావి మీద రేకు కప్పి బండలు పెట్టారు. ఫ్యానున్న గదికి తాళం. వసారా గూట్లో మాత్రం పురుగుల మందు డబ్బాలు, పక్కనే స్ప్రేయరు!

"ఇవేంటండీ?"

"అవా? మిరపకు కొట్టేవి మేడం."

ఓరి దేవుడా అనుకున్నాను. ఆయన కంటికి నిజంగానే అది విషం కాదు. పారా గంపా లాగే అదీ పనిముట్టు. తీసేయమంటే, చేనుకు నల్లి పురుగు పట్టింది, పొద్దున్నే కొట్టాలి, పొలం ఏమైపోవాలన్నాడు. అత్తగారు, తర్వాత తీస్తాడులేమ్మా అంది. నేను గడప మీద కూర్చుండిపోయాను.

"మీ తమ్ముడు తాగింది ఈ గూట్లోదేగా?" అన్నాను, ఇరుగూ పొరుగూ వినేలా.

ఏడాదిగా ఆ ఇంట్లో ఎవరూ పైకి అనని మాట అది. సుబ్బారావు గోడకు చేరగిలబడి భోరుమన్నాడు. కాసేపటికి లేచి, డబ్బాలు గోనెసంచిలో వేసుకుని పొలంలో మోటారు గదిలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

సంజాయిషీ అడుగుతూ నాకు మెమో వచ్చింది. చేశాను, అవసరమైతే మళ్ళీ చేస్తానని జవాబు రాశాను. ఏం చేయగలిగారు? కోటేశ్వరమ్మ వారం వారం నా గదికే వచ్చింది. "నాకో మాటైనా చెప్పకుండా పోయాడు, సన్నాసి!" అని మొగుణ్ణి కడిగేసి, ఏడ్చి, మెల్లగా అన్నం తినసాగింది. పై పంటకు కల్లంలో అందరితో కూర్చుని మిరపకాయల తొడిమలు తీసింది.

ఆ కాలంలోనే సుబ్బారావు మళ్ళీ వచ్చాడు, పక్కింటి కౌలురైతును రెక్క పట్టుకుని. "నేను బయటుంటా మేడం. ఆ మాట అడగండి" అని తలుపు తనే వేసి వెళ్ళాడు. అడిగాను. రైతు తలూపాడు. మందు ఎక్కడ పెట్టావని అడిగాను.

"ఇందాకే సుబ్బారావు తీసుకెళ్ళి తాళమేశాడండీ" అన్నాడు.

థెరపీ డాక్టర్లు చెయ్యాలా, సోషల్ వర్కర్లు చెయ్యొచ్చా అని ఇప్పటికీ కొందరు నాతో వాదనకు దిగుతారు. ముందు ఇంట్లో మందు తీయించి రండి, తర్వాత వాదించుకుందాం అంటాను.